ఆపి వినండి



రాత్రి పన్నెండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. టీవీ కట్టేశారు. వీధిలో బళ్ళ చప్పుడు లేదు. మీకు నిద్ర పట్టబోతోంది. అప్పుడు మొదలవుతుంది మోత. గుంయ్‌మని. కీచుగా కాదు, లోతుగా. ఎక్కడో దూరంగా లారీ నిలబెట్టి, ఇంజను మాత్రం ఆపకుండా వదిలేసినట్టు. లేచి నడిస్తే వినపడదు. పడుకుంటే మళ్ళీ వస్తుంది. పక్క మనిషిని లేపి అడిగితే, "నాకేం వినపడట్లేదే, పడుకో" అంటారు.

ఈ మోత విన్నవాళ్ళు మీలో కొందరైనా ఉంటారు. విన్నామని చెప్పి మాట పడ్డవాళ్ళూ ఉంటారు. ఇవాళ నేను మాట్లాడబోయేది మీతోనే. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే, మీతో కూడా.

చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ మోత ఉందా లేదా అని వాదించుకుంటే తేలదు. ఆపి వింటే తేలుతుంది. ఇంట్లో తిరిగేవన్నీ ఆపి, అప్పుడు వినాలి.

మా పెద్దమ్మ సంగతి చెబుతాను. ఆవిడకి 78 ఏళ్ళు. కోనసీమలో పుట్టి, అక్కడే కాపరం చేసింది. పెదనాన్న పోయాక కాకినాడలో కొడుకు దగ్గరికి వచ్చింది. అపార్టుమెంటు. నాలుగో అంతస్తు. ఆ పైన డాబా. వచ్చి నెల్లాళ్ళు కాలేదు, నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇక్కడ రాత్రిళ్ళు ఎవరో రైసు మిల్లు ఆడిస్తున్నార్రా. కాసేపు ఆడిస్తారు, కాసేపు ఆపుతారు. నాకు కునుకుండట్లేదు."

అన్నయ్యకి వినపడలేదు. వదినకి వినపడలేదు. మనవడు ఫోన్లో చప్పుడు కొలిచే యాప్ పెట్టి చూశాడు. అదేమీ చూపించలేదు. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. వయసుకి తగ్గ వినికిడే ఉందన్నారు. పెద్దమ్మ అనుమానం కింద ఇంటివాళ్ళ వాషింగ్ మెషీన్ మీద. ఒకరోజు వెళ్ళి అడిగేసింది కూడా. వాళ్ళు నొచ్చుకున్నారు. ఇక ఇంట్లో అందరూ ఒక మాట మీదికి వచ్చేశారు. ఊరు వదిలొచ్చింది కదా, బెంగ పెట్టుకుంది అన్నారు.

నాకు మనసొప్పలేదు. ఇన్నేళ్ళూ పల్లెలో చప్పుళ్ళ మధ్య బతికిన మనిషి. బావి గిలకకి నూనె ఎప్పుడు కావాలో, కట్టు కొయ్య దగ్గర గేదె ఎందుకు మెసులుతోందో చీకట్లో పడుకునే చెప్పేది. అలాంటి మనిషి వినపడుతోందంటే నమ్మడానికేం? నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఒక రాత్రి అక్కడే ఉండిపోయాను. ఆవిడ మంచం మీద, ఆవిడ తలగడ మీద తల పెట్టి పడుకున్నాను.

వినపడింది.

మరి మిగతావాళ్ళకి ఎందుకు వినపడలేదు? ఇక్కడ చెవి సంగతి కొంచెం చెప్పాలి. చప్పుడంటే గాలి ఊగడం. సెకనుకి ఎన్నిసార్లు ఊగితే అన్ని హెర్ట్జ్ అంటాం. మనిషి చెవికి 20 నుంచి 20 వేల దాకా వినపడతాయంటారు. కానీ చెవి అన్నింటినీ ఒకేలా వినదు. పసిపిల్ల ఏడుపు చిన్నగా ఉన్నా పట్టేస్తుంది. మంద్రపు మోత చాలా గట్టిగా ఉంటే తప్ప పట్టదు. ఒకసారి పట్టిందా, ఇక కొంచెం పెరిగినా చాలా పెరిగినట్టు ఉంటుంది.

గోదావరి వరద చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా తెలుస్తుంది. నీళ్ళు గడప అంచుదాకా వచ్చి ఆగితే ఇంట్లో చుక్క ఉండదు. అంగుళం పెరిగితే ఇల్లంతా నీళ్ళే. మంద్రపు మోతకి చెవి గడప అలాంటిది. పైగా ఒక్కొక్కరి గడప ఒక్కో ఎత్తు. మీ గడప రెండంగుళాలు తక్కువైతే మీ ఇల్లు మునుగుతుంది. పక్కవాళ్ళ ఇల్లు పొడిగా ఉంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇంకో సంగతి. వయసుతో ముందుగా పోయేది కీచు స్వరాలు. మంద్రం చాలా కాలం నిలుస్తుంది. ముసలివాళ్ళకి మాట సరిగ్గా వినపడదు కాబట్టి మోత కూడా వినపడదనుకోవడం తప్పు.

మరి ఫోన్లో యాప్? ఆ మీటర్లు మామూలుగా మన చెవి తూకంతోనే కొలుస్తాయి. అంటే మంద్రానికి లెక్క తగ్గిస్తాయి. 50 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 30 డెసిబెల్స్ కోసేస్తాయి. అందుకే యాప్‌లో అంకె చిన్నగా ఉందని ఆ మనిషి మాట కొట్టేయకండి. మన దేశంలో 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. ఇళ్ళుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదంటాయి. ఆ కొలత కూడా ఈ తూకంతోనే. మంద్రపు మోత ఆ హద్దులోపలే ఉండి కూడా నిద్ర చెడగొట్టగలదు. ఈ నిబంధనల్లో మంద్రానికి విడిగా ఒక కొలత ఉండాలని నా గట్టి అభిప్రాయం.

సరే, కాకినాడ రాత్రికి వద్దాం. ఒంటిగంటయింది. అన్నయ్యని లేపాను. టార్చి పట్టుకుని మెయిన్ స్విచ్ ఆపాం. ఫ్రిజ్ ఆగింది. కానీ ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎందుకు? ఇన్వర్టర్ అందుకుంది. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. మెయిన్ ఆపితే అన్నీ ఆగాయనుకుంటారు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో దాన్నీ ఆపాలి. ఇన్వర్టర్ తనే పెద్ద మోతగాడు. చవక రకం ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు నున్నగా అలలా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. దాని మీద తిరిగే ఫ్యాను మామూలు కంటే గట్టిగా మూలుగుతుంది.

అదీ ఆపాం. ఇల్లంతా చీకటి. ఇల్లంతా నిశ్శబ్దం. ఐదు నిమిషాలు కదలకుండా కూచున్నాం. పెద్దమ్మ మంచం మీదనుంచి అంది, "అదిగో, మొదలైంది."

అంటే మన ఇంట్లోది కాదు. ఆపి వింటే అంత మాత్రం తేలిపోయింది.

బాల్కనీలోకి వెళ్ళి విన్నాం. అక్కడ లేదు. ఇది ముఖ్యమైన గుర్తు. బయటనుంచి వచ్చే మోతైతే మామూలుగా బాల్కనీలో ఎక్కువగా ఉండాలి. లోపల ఉండి, బయట లేదంటే, అది గాలిలో రాకపోవచ్చు. గోడల్లో వస్తుండొచ్చు.

వంటింట్లోకెళ్ళి పప్పుగుత్తి తెచ్చాను. గుత్తిని గోడకి ఆనించి, కాడ కొసని చెవి దగ్గర పెట్టుకున్నాను. మెకానిక్కులు ఇంజను మీద స్క్రూడ్రైవర్ పెట్టి వినడం చూసే ఉంటారు, అదే పద్ధతి. గోడలో మోత ఉంది. స్నానాలగదిలో నీళ్ళ పైపు మీద పెట్టాను. అక్కడ ఇంకా ఎక్కువ. పైపు వెంట పైకి వెళితే డాబా. డాబా మీద ట్యాంకు పక్కన చిన్న ప్రెషర్ పంపు. దాన్ని నేరుగా శ్లాబుకి బోల్టులు బిగించేశారు.

ఇప్పుడు వీణ గుర్తు తెచ్చుకోండి. బొబ్బిలి వీణ పనసచెక్కతో చేస్తారు. తీగని మీటితే మోగేది తీగ అనుకుంటాం. ఒట్టి తీగని రెండు మేకుల మధ్య బిగించి మీటండి. పక్క గదిలోకి వినపడదు. తీగ ఊపుని కుండ అందుకుంటేనే సభంతా వినపడుతుంది. ఆ పంపు తీగ లాంటిది. శ్లాబు, గోడలు, పైపులు కలిసి దాని కుండ. డాబా మీద పంపు పక్కన నిలబడితే చప్పుడు పెద్దదేం కాదు. కింద గదిలో మాత్రం గోడలు మోగుతున్నాయి.

మరి లేచి నడిస్తే ఎందుకు పోతోంది? ఇది నాకు బాగా నచ్చిన భాగం, కాస్త ఓపికగా వినండి. అలాంటి పంపు నిమిషానికి సుమారు 2900 చుట్లు తిరుగుతుంది. సెకనుకి 48. ఆ మోత గాలిలో ఒక్కో అల పొడవు దాదాపు 24 అడుగులు. పెద్దమ్మ గది పొడవు 12 అడుగులు. దాదాపు సగం.

తొట్టిలో సగానికి నీళ్ళు పోసి, అటూ ఇటూ ఊపండి. రెండు అంచుల దగ్గరా నీళ్ళు లేస్తాయి, పడతాయి. నడిమధ్యలో మాత్రం మట్టం దాదాపు కదలదు. గదిలో గాలి కూడా అంతే. గోడల దగ్గర మోత గట్టిగా ఉంటుంది. గది మధ్యలో దాదాపు ఉండదు. పెద్దమ్మ తలగడ గోడకి ఆనుకుని ఉంది. మాట్లాడ్డానికి వచ్చిన అన్నయ్యా వదినా గది మధ్యలో నిలబడి, "ఏదీ, ఏం లేదే" అన్నారు. వాళ్ళు నిలబడ్డ చోట నిజంగానే లేదు.

కాబట్టి ఎవరైనా మోత ఉందంటే, వాళ్ళు పడుకున్న చోటే మీరు పడుకుని వినండి. తలుపు దగ్గర నిలబడి తీర్పు చెప్పకండి.

చెవికి దిక్కు కూడా తెలియదు. చప్పుడు ఎటునుంచి వస్తోందో రెండు చెవుల మధ్య తేడాని బట్టి పోల్చుకుంటాం. 24 అడుగుల అలకి మన తల అడ్డే కాదు. రెండు చెవులకీ ఒకేలా చేరుతుంది. అందుకే పైనున్న పంపుని పెద్దమ్మ కింద ఇంటి వాషింగ్ మెషీన్ అనుకుంది. మీకు పక్కింటి మీద ఎంత గట్టి అనుమానం ఉన్నా సరే, ఆపి వినేదాకా ఆ మాట నోట్లోనే ఉంచుకోండి.

మర్నాడు రాత్రి అసలు పరీక్ష పెట్టాం. వాచ్‌మన్‌ని డాబా మీద పంపు స్విచ్ దగ్గర ఉంచాం. పెద్దమ్మ మంచం మీద పడుకుంది. ఎప్పుడు ఆపుతామో, ఎప్పుడు వేస్తామో ఆవిడకి చెప్పలేదు. ఆపాం. "ఆగింది" అంది. వేశాం. "వచ్చింది" అంది. మూడుసార్లు. మూడుసార్లూ తప్పు చెప్పలేదు. అన్నయ్య మంచం పక్కన కింద కూచుని తల వంచుకున్నాడు. మూడు నెలలు ఆవిడ మాట ఎవరూ నమ్మలేదు మరి.

ఈ ఆపి వినడం ఇంటికే కాదు, ఊళ్ళకీ పనికొస్తుంది. కెనడాలో విండ్సర్ అనే ఊరుంది. నదికి అవతలి ఒడ్డున అమెరికాలోని డెట్రాయిట్ నగరం. 2011 ప్రాంతంలో విండ్సర్ జనం ఒక మంద్రపు మోత గురించి ఫిర్యాదు చేయడం మొదలెట్టారు. కిటికీలు అదిరేవి. నిద్రలు చెడేవి. విశ్వవిద్యాలయాల వాళ్ళు పరిశోధన చేశారు. నదికి అవతల జుగ్ ఐలాండ్ అనే చోట ఉక్కు కర్మాగారం కొలుముల మీద అనుమానం చెప్పారు. కానీ తేలలేదు, ఏళ్ళు గడిచాయి. 2020లో ఆ కర్మాగారంలో కొలుముల పని ఆపేశారు. మోత ఆగిపోయింది. ఏళ్ళ తరబడి తేలనిది, ఆపిన తర్వాత తేలింది.

అమెరికాలోనే ఇండియానా రాష్ట్రంలో కొకొమో అనే ఊరు. అక్కడా ఇదే గోడు. 2003లో ఒక శబ్ద నిపుణుడు వచ్చి కొలిచాడు. ఒక కార్ల కంపెనీ ఫౌండ్రీ మీద కూలింగ్ టవర్ ఫ్యాన్ల నుంచి 36 హెర్ట్జ్ మోత. ఇంకో ఫ్యాక్టరీ కంప్రెసర్ నుంచి 10 హెర్ట్జ్. అది చెవికి అందనంత లోతు. రెండింటినీ బాగుచేశారు. అయినా కొందరికి మోత వినపడుతూనే ఉంది. ఈ చివరి మాట మరిచిపోకండి, మళ్ళీ దానికి వస్తాను.

కాలిఫోర్నియాలో సాసలీటో ఊరి సంగతి మాత్రం ముచ్చటగా ఉంటుంది. అక్కడ నీళ్ళ మీద పడవ ఇళ్ళల్లో కాపరాలున్నాయి. 1980లలో ఎండాకాలం రాత్రిళ్ళు ఆ ఇళ్ళల్లో ఒకటే మోత. జనరేటర్లని అనుమానించారు. మురుగునీటి పంపుల్ని అనుమానించారు. చివరికి చూస్తే అది చేప. రాళ్ళ కింద గూడు కట్టుకుని, మగచేప ఆడచేపని పిలుస్తోంది. ఒంట్లో గాలి తిత్తి ఉంటుంది దానికి. ఆ తిత్తిని కండరాలతో సెకనుకి సుమారు 100 సార్లు ఆడిస్తుంది. పడవ అడుగు దానికి వీణ కుండ అయింది.

మన దగ్గర చేపల సంగతి ఎలా ఉన్నా, చేపల చెరువులు మోగుతాయి. పశ్చిమగోదావరిలో రొయ్యల చెరువుల పక్క ఊళ్ళవాళ్ళకి ఇది తెలుసు. రాత్రి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. అందుకని ఏరేటర్లు రాత్రిళ్ళే ఎక్కువ తిప్పాలి. పైగా రాత్రి నేల దగ్గర గాలి చల్లబడుతుంది, పైన గాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు చప్పుడు పైకి పోకుండా కిందికి వంగుతుంది. పగలు వినపడని రైలు కూత రాత్రి వినపడేది అందుకే. మీ మోత చలికాలం రాత్రిళ్ళు పెరిగి, బయట కూడా వినపడుతుంటే, దూరంగా తిరిగే యంత్రాలేమిటో చూడండి.

ఇప్పుడు మీ ఇంట్లో ఎలా చెయ్యాలో చెబుతాను. ముందొక జాగ్రత్త. ఇంట్లో ఎవరైనా ఆక్సిజన్ యంత్రం మీద ఉంటే మెయిన్ ఆపకండి. లేకపోతే, అర్ధరాత్రి మోత వస్తున్నప్పుడే లేవండి. టార్చి పట్టుకోండి. మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ ఆపండి. మోత వినపడిన చోటే కూచుని ఐదు నిమిషాలు వినండి. మోత పోయిందా? దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఇక ఒక్కొక్కటే వేస్తూ వినండి. ముందు ఫ్రిజ్. తర్వాత ఒక ఫ్యాను. తర్వాత ఇంకొకటి. ఒకేసారి అన్నీ వేసేస్తే మళ్ళీ మొదటికి వస్తారు.

ఎక్కువసార్లు దొరికేది ఫ్రిజ్. కాళ్ళు సమంగా లేక, లేదా గోడకి ఆనుకుని ఉండి మోగుతుంది. నాలుగంగుళాలు ముందుకి జరపండి. పైన పెట్టిన స్టీలు డబ్బాలు తీసేయండి. సగం ఇళ్ళల్లో అంతటితో పోతుందని నా నమ్మకం. స్టెబిలైజర్, పాత ట్యూబులైటు చోక్ కూడా మూలుగుతాయి. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఒక్కో ఊపులో ఇనుప రేకులు రెండుసార్లు సాగి ముడుచుకుంటాయి. అందుకని వాటి మూలుగు 100 హెర్ట్జ్. వీధి స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు కూడా అదే. ఆ మూలుగు ఉన్నట్టుండి పెరిగితే, దగ్గరికి వెళ్ళకండి. 1912కి ఫోన్ చేయండి.

అన్నీ ఆపినా పోలేదా? బయటికి వెళ్ళి వినండి. బయట ఎక్కువైతే బయటిది. బయట లేకపోతే గోడల్లోది కావచ్చు. పప్పుగుత్తి తీసుకోండి.

లోపలా బయటా ఒకేలా ఉందా? అప్పుడు ఊరు మార్చి వినండి. ఏ బంధువుల ఇంటికో, కరెంటు స్తంభం లేని పొలం గట్టుకో వెళ్ళి ఒక రాత్రి వినండి. అక్కడికీ మీతో వచ్చిందంటే, అది చెవిలోది. కొకొమోలో మిగిలిపోయినవాళ్ళలో కొందరిది ఇలాంటిదే అయి ఉండొచ్చు. చెవిలో హోరు కూడా నిజమే. దానికీ వైద్యుడున్నాడు. ఆ హోరు నాడితో పాటు కొట్టుకుంటున్నా, ఒక్క చెవిలోనే ఉన్నా, వినికిడి తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా చెవి డాక్టరుకి చూపించండి.

ఒంట్లో చప్పుడు ఎలా ఉంటుందో ఇప్పుడే వినొచ్చు. బొటనవేళ్ళతో చెవులు మూసుకోండి. మోచేతులు పైకెత్తండి. పిడికిళ్ళు గట్టిగా బిగించండి. గుడగుడమని ఒక మోత వినపడుతుంది. అది మీ కండరాల చప్పుడు. పిడికిలి వదిలితే తగ్గుతుంది. వొలాస్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1810లో దీని గురించి రాశాడు. దూరంగా రాళ్ళబాట మీద గుర్రబ్బళ్ళు పోతున్నట్టుంటుందన్నాడు. మనకి లారీ, ఆయనకి గుర్రబ్బండి. ఇక్కడ కూడా చేసింది అదే. బిగించి విన్నాం, ఆపి విన్నాం.

కాకినాడలో ఆ పంపు అర్ధరాత్రి ఎందుకు తిరుగుతోందో చెప్పలేదు కదా. మూడో అంతస్తులో ఒక ఫ్లష్ ట్యాంకులో వాషరు పోయింది. సన్నగా నీళ్ళు కారుతున్నాయి. పైపులో ఒత్తిడి తగ్గినప్పుడల్లా పంపు తనంతట తనే లేచేది. ఒక నిమిషం తిరిగి ఆగేది. పెద్దమ్మ చెప్పినట్టే, కాసేపు ఆడించడం, కాసేపు ఆపడం. ప్లంబర్ వచ్చి వాషరు మార్చాడు. పంపు కింద మందపాటి రబ్బరు దిమ్మలు వేశాడు. పంపుకీ పైపుకీ మధ్య మెత్తటి గొట్టం ముక్క పెట్టాడు. గోడకి పైపుని పట్టి ఉంచే క్లాంపుల్లో రబ్బరు దూర్చాడు. ఒక పూట పని.

అది అయ్యేదాకా పెద్దమ్మ మంచం గది మధ్యకి జరిపాం. నిద్ర పట్టింది గానీ, ఆవిడకి నచ్చలేదు. లేచేటప్పుడు చెయ్యి ఆనించుకోవడానికి గోడ ఉండాలంది. పని పూర్తయిన రోజు సాయంత్రం సున్నుండలు చేసి, కింద ఇంటివాళ్ళకి తనే తీసుకెళ్ళి ఇచ్చింది. రాత్రి నేనూ అన్నయ్యా మంచం మళ్ళీ గోడ వారకి జరిపాం.